పక్క మెషీన్ గొంతు

యూనివర్సిటీలో వినికిడి పరిశోధన చేసే గది. ఆ గదిలోనే ఇంకో బుల్లి గది, దానికో అద్దం. అద్దానికి అవతల చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్ళ ముందు కెమెరా పెట్టుకుని కూర్చున్నాయన సీసాల ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతపడ్డాక ఊరికే ఉన్న మనిషి. ఇవతల కంప్యూటరు ముందున్న అమ్మాయి ప్రాజెక్టు అసిస్టెంటు. పీహెచ్‌డీ సీటు కోసం ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. సాయంత్రమైంది. మిగతా గదులకు తాళాలు పడ్డాయి. ఇద్దరి మధ్యా ఒక మైకు.

"మళ్ళీ తప్పు, బాబాయ్."

"తప్పా?"

"తప్పే. ఆవిడ 'గిన్నె బల్ల మీద ఉంది' అంది. మీరు 'పిల్లి గోడ మీద ఉంది' అన్నారు. గిన్నెకీ పిల్లికీ ఏమైనా పోలికుందా?"

"'మీద ఉంది' అన్నది సరిపోయింది కదమ్మా."

"దానికి మార్కులివ్వరు."

"రొద ఎక్కువైంది డాక్టరమ్మా. కాస్త తగ్గిస్తే..."

"నేను తగ్గించను, పెంచను. అంతా కంప్యూటరే చూసుకుంటుంది. మీరు సరిగ్గా చెప్తే రొద పెంచుతుంది, తప్పు చెప్తే తగ్గిస్తుంది. మొదటిరోజే చెప్పాను. ఇంకోటి, నేను డాక్టరమ్మని కాదు."

"అవుతారు కదా."

"దరఖాస్తు ఇవాళ వెళ్ళాలి. వాళ్ళకి నచ్చాలి. ఉన్నది ఒక్కటే సీటు, అది నాకే ఇవ్వాలి. ఆ తర్వాత నాలుగైదేళ్ళు చదవాలి. అప్పుడు అవుతాను. ఈలోగా నన్నలా పిలిస్తే దిష్టి తగులుతుంది."

"ఇన్నిసార్లు వచ్చానా, అసలు ఏం చదువు అని ఒక్కసారీ అడగలేదు చూడండి."

"పనిచేసే చోట వినడానికి మనుషులు ఎంత శ్రమ పడతారు అన్నది."

"వినడానికి శ్రమేముందమ్మా? చెవులకి రెప్పలా పాడా? తెరిచే ఉంటాయి."

"తెరిచే ఉంటాయి కాబట్టే శ్రమ. మా అమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసేది. పొద్దుట్నుంచీ గరగరమనే లైన్లలో ఎవరెవరి మాటలో వినేది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. నేనూ అన్నయ్యా ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. మేమంటే ఇష్టం లేదనుకున్నాం."

"మరి?"

"అలిసిపోయేది. వినీ వినీ అలిసిపోయేది. ఆ సంగతి నాకు ఈ గదిలో చేరాకే తెలిసింది."

"అమ్మకి చెప్పారా, తెలిసిందని?"

"చెప్పడానికి ఉండాలిగా. సరే, తల కదపకండి. గడ్డం ఆ పట్టీ మీద ఆనించండి. కెమెరాకి మీ కన్ను కనపడాలి."

"చెవికి పరీక్ష, కంటికి కెమెరా. మీ చదువులు మీకే తెలియాలి."

"కష్టపడి వింటే కంటిపాప పెద్దదవుతుంది బాబాయ్. సులువుగా వినపడితే చిన్నదవుతుంది. నోరు అబద్ధమాడొచ్చు, కంటిపాప ఆడలేదు."

"ఆడలేదా?"

"ఆడలేదు. అందరికీ అంతే, మీకు తప్ప."

"నాకేమైంది?"

"తిరగబడింది. రొద ఎక్కువున్నప్పుడు మీ కంటిపాప మామూలుగా ఉంటోంది. రొద తగ్గేకొద్దీ పెద్దదవుతోంది. ఆఖర్న రొద అసలు లేకుండా ఆ గొంతొక్కటే వినపడేటప్పుడు చూడాలి, ఇంతింతవుతోంది. తలకిందులుగా."

"జబ్బామ్మా అది?"

"జబ్బు కాదు, అదృష్టం. నాకు. ఏళ్ళ తరబడి రొదలో పనిచేసినవాళ్ళకి నిశ్శబ్దంలో వినడమే ఎక్కువ శ్రమ అని రాశాను. ఇప్పటిదాకా ఎవరూ అననిది. నా దరఖాస్తు మొత్తం మీ కంటిపాప మీద నిలబడి ఉంది."

"అయ్యో."

"అయ్యో ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే అన్నాను. కానివ్వండి."

"ఒక్క నిమిషం, ఫోను. ఆ, మేడం... పంపిస్తాను మేడం, ఇవాళే... ఆయనే వచ్చారు, ఆఖరి విడత నడుస్తోంది... లేదు మేడం, అన్నిసార్లూ అలాగే వచ్చింది... అవును, ఆ గ్రాఫే మొదటి పేజీలో పెట్టాను... వాళ్ళూ అదే అడుగుతారని నాకూ... అలాగే... ఉంటాను మేడం. సారీ బాబాయ్."

"మీ గైడుగారా?"

"ఊఁ. ఆ గ్రాఫ్ ఉంటే సీటు వచ్చినట్టే అంటోంది. అది లేకపోతే మిగతావాళ్ళ దరఖాస్తులకీ నాదానికీ తేడా ఏముందట. సరే, కొత్త వాక్యాలు వేస్తున్నాను. రొద వస్తోందా?"

"వస్తోంది."

"ఎలా ఉంది?"

"మా హాల్లోలా ఉంది. సీసాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నట్టే."

"బాబాయ్, మీ చొక్కా పై గుండీ ఊడి వేలాడుతోంది."

"ఏదీ? ఉందే! ఊడలేదే."

"ఊడలేదు."

"మరి ఊడిందన్నారు?"

"ఆ గిన్నె వాక్యం ఎంత గొంతుతో వచ్చిందో, దాంట్లో సగం గొంతుతో అన్నాను. రొద కూడా ఆపలేదు. అయినా తలొంచి గుండీ చూసుకున్నారు. గుండీ మాట వినపడింది, గిన్నె మాట వినపడలేదా?"

"ఎడమ చెవి పోయిందమ్మా. డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా..."

"ఎడమ చెవి పోయిందని నాకు తెలుసు. కుడి చెవి బాగానే ఉంది. అదీ నాకు తెలుసు. మీరు కావాలని తప్పులు చెప్తున్నారు. ఇవాళ్టి నుంచేనా? మొదట్నుంచీనా?"

"..."

"బాబాయ్, నేనడిగేది వినపడుతోందా?"

"వినపడుతోంది."

"మొదట్నుంచీనా?"

"మొదటిరోజు కాదు. మొదటిరోజు ఒళ్ళు దగ్గర పెట్టుకుని అన్నీ సరిగ్గానే చెప్పాను. చెప్తుంటే రొద పెరిగిపోయింది. గొంతు ఎక్కడో మునిగిపోయింది. మధ్యలో ఒకటి పొరపాటున తప్పు చెప్పాను. రొద తగ్గింది. గొంతు పైకొచ్చింది. ఇంకోటి చెప్పాను, ఇంకా పైకొచ్చింది. ఓహో ఇదా సంగతి అనుకున్నాను."

"ఓహో అనుకున్నారా! నా ఇన్ని నెలల పని పక్కన పెట్టుకుని, ఓహో ఇదా సంగతి అనుకున్నారా!"

"కోప్పడకమ్మా."

"కోప్పడక నవ్వమంటారా? ఎందుకు? ఎవరైనా చెప్పమన్నారా? సరదాకా?"

"సరదా ఏముంది. గొంతు కోసం."

"ఏ గొంతు?"

"హెడ్‌ఫోన్లలో ఆవిడ గొంతు. గిన్నె బల్ల మీద ఉంది అనే గొంతు."

"ఆవిడ మీకు తెలుసా?"

"తెలుసమ్మా. మా మూతలావిడే."

"మూతలావిడ?"

"మా హాల్లో నేను సీసాలు నింపే మెషీన్ దగ్గర. పక్క మెషీన్ మూతలు బిగించేది. దాని దగ్గర ఆవిడ. నన్నందరూ సీసాలాయన అనేవాళ్ళు, ఆవిడని మూతలావిడ అనేవాళ్ళు. నేను నింపి తోస్తే ఆవిడ మూత పెట్టాలి. రోజంతా ఎదురెదురుగా."

"అయితే ఆవిడ గొంతు మీకు కొత్తేముంది? రోజూ విన్నదేగా."

"ఒక్కరోజు కూడా వినలేదు."

"అదెలా?"

"మీరెప్పుడైనా సీసాల హాల్లోకి వచ్చారా? చెవుల్లో దూది, దాని మీద మూతల్లాంటివి. అరిచినా మన అరుపు మనకే వినపడదు. మిగతావాళ్ళు చేతులూపి పని కానిచ్చుకునేవాళ్ళు. మేమిద్దరం ఎదురుగా ఉండేవాళ్ళం కదా, పెదాలు చూసి మాట్లాడుకోవడం అలవాటైంది. మొదట్లో 'ఆపు', 'పగిలింది', 'తడి ఉంది జాగ్రత్త', అంతే. తర్వాత్తర్వాత అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ. ఆవిడ పన్ను నొప్పి. వాళ్ళ వదిన సణుగుడు. నేను మాడ్చుకున్న అన్నం. మా అమ్మ పోయినప్పుడు సెలవు అయిపోయి మళ్ళీ పనిలోకొస్తే, ఆ రోజంతా ఆవిడే మాట్లాడింది. నేను సీసాలు చూడాలా, ఆవిడ పెదాలు చూడాలా? ఎన్ని పగలగొట్టానో. సూపర్‌వైజరు తిట్టిపోశాడు. ఏం తిట్టాడో మాత్రం వినపడలేదు."

"నవ్వించకండి. నేనింకా కోపంగా ఉన్నాను."

"ఉండండి, తప్పు లేదు."

"ఆవిడని పిలవాలంటే? తల పక్కకి తిప్పుకుని ఉంటే?"

"మధ్యలో ఇనప పట్టీ ఉండేది. దాని మీద స్పానర్‌తో తడితే అదురు ఆవిడ చేతికి తగిలేది. రెండుసార్లు తట్టానంటే నేను. నోటితో పిలిచింది లేదు. ఇంకో సంగతి చెప్పనా, 'మీరు, మీరు' అని పెదాలు కదపడం సాగదీతగా ఉంటుందని మొదటివారంలోనే ఇద్దరం 'నువ్వు'లోకి దిగిపోయాం. బయట అంత త్వరగా దిగుతారా ఎవరైనా?"

"బయట మాట్లాడుకోలేదా? అన్నం టైములో?"

"ఆడవాళ్ళకి వేరే గది. పని అయిపోగానే వాళ్ళ బస్సు అటు, మాది ఇటు. ఒక్కసారి మాత్రం గేటు దగ్గర ఎదురుపడ్డాం. అది చెప్తే నవ్వుతారు."

"చెప్పండి, ఎటూ నా పని పాడైంది."

"అప్పుడా వారమే షిఫ్టులు మార్చారు. నేను డ్యూటీ దిగే వేళకి ఆవిడ ఎక్కాలి. హాల్లో ఇక కలవడమే లేదు. బుధవారం నేను బయటికి వస్తుంటే గేటు పక్కన నిలబడి ఉంది. యూనిఫాం లేదు, మామూలు బట్టలు, చేతిలో సంచి. సెలవు పెట్టిందేమో అనుకున్నాను. చుట్టూ రొద లేదు, చెవుల్లో దూది లేదు. హాయిగా మాట్లాడుకోవచ్చు. నేనేం చేశానో తెలుసా?"

"ఏం చేశారు?"

"పెదాలు కదిపాను. 'మళ్ళీ కలుద్దాం' అని, గొంతు లేకుండా! అలవాటమ్మా. మూగవాడిలా. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. ఇంకా ఏదో అంటానన్నట్టు చూస్తోంది. నేను మళ్ళీ అదే అన్నాను, మళ్ళీ పెదాలతోనే. నాకే నవ్వొచ్చింది. ఈలోపు బస్సు హారను కొట్టాడు, పరుగెత్తి ఎక్కేశాను. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను, మళ్ళీ కలిసినప్పుడు చెప్పి ఆటపట్టించాలి అని."

"చెప్పారా?"

"మర్నాటి నుంచి రాలేదు. వాళ్ళన్నయ్యకి బదిలీ అయిందట, ఆ కుటుంబంతో పాటు వెళ్ళిపోయిందట. ఎక్కడికి అంటే ఎవరూ చెప్పలేదు. అడగడానికి నేనెవర్ని? ఆవిడకి చుట్టాన్నా? ఆ ఇనప పట్టీ మీద మాత్రం తట్టేవాణ్ణి అప్పుడప్పుడు. కొత్తగా వచ్చినవాడు ఉలిక్కిపడి ఏంటన్నట్టు చూసేవాడు. ఏం లేదని చెయ్యి ఊపేవాణ్ణి."

"మరి ఈ గొంతు ఆవిడదని ఎలా అనుకున్నారు?"

"అనుకోవడం ఏంటి? ఆవిడే చెప్పింది కదా. వెళ్ళిపోయే ముందు శుక్రవారం. 'యూనివర్సిటీ వాళ్ళు రేపు నా గొంతు తీసుకుంటారట, రేడియోలో వాళ్ళ గొంతులు వద్దట, పనిచేసేవాళ్ళ గొంతే కావాలట' అని ఒకటే మురిసిపోయింది. నా చెవి చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే అక్కడ మీ బోర్డు కనపడింది. 'సీసాల ఫ్యాక్టరీ కార్మికుల గొంతుతో వినికిడి పరీక్షలు, వాలంటీర్లు కావలెను' అని. చదివి అక్కడే కూలబడ్డాను."

"అది పాత బోర్డు, బాబాయ్."

"పాతదైతేనేం. డాక్టరు చెప్పాడు, కుడి చెవి కూడా మెల్లగా పోతుందట. పోయేలోపు ఒక్కసారి ఆవిడ గొంతు వినాలి అనుకున్నాను. ఒక్కసారి అనుకుని వచ్చాను, మళ్ళీ మళ్ళీ వస్తున్నాను. ఏం గొంతమ్మా! నేను సన్నగా ఉంటుందనుకున్నా. కాస్త బొంగురు. 'గిన్నె' అన్నప్పుడు చివర్న ఎంత మెత్తగా వదులుతుందో! ఇంటికెళ్ళి తలుపు తీస్తూ 'గిన్నె బల్ల మీద ఉంది' అని నాలో నేనే అనుకుంటా. ఎవరో ఇంట్లో ఉండి చెప్తున్నట్టు ఉంటుంది. ఏమ్మా, అటు తిరిగారేం?"

"ఏం లేదు. ఈ వైరు... వదులైనట్టుంది."

"మీ కంప్యూటరుకి నేనన్నదంతా ఎక్కించకండి. నేను చెప్పను, మీరూ చెప్పకండి. ఆ గ్రాఫ్ అలాగే పంపించండి. మీ సీటు మీకొస్తుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా."

"మీకు తెలిస్తే నష్టమేంటి?"

"రొదలో పనిచేసినవాళ్ళకి నిశ్శబ్దం బరువు అని నేను రాస్తాను. అది నిజమని నమ్మి ఇంకొకళ్ళు దాని మీద ఇంకేదో రాస్తారు. ఏదో ఫ్యాక్టరీవాడు ఈ రొదే వీళ్ళకి అలవాటు, ఉండనివ్వండి అంటాడు. మీ కంటిపాప పెద్దదైంది శ్రమ వల్ల కాదు."

"మరి దేనివల్ల?"

"దాన్ని కొలిచే మెషీన్ మా దగ్గర లేదు."

"అయితే సీటు?"

"సీటు... ఉండండి. అసలు సంగతి అది కాదు. మీకొకటి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియట్లేదు."

"తిట్టదలుచుకుంటే తిట్టండి."

"ఆ గొంతు ఆవిడది కాదు బాబాయ్."

"ఏ గొంతు?"

"గిన్నె బల్ల మీద ఉంది. ఆ గొంతు మీ మూతలావిడది కాదు."

"కాదంటే? బోర్డు మీద..."

"బోర్డు మార్చలేదు. అది మా తప్పు. ఆ గొంతు ఇక్కడే, కింద లోపలికి రావడానికి పాసులు రాసిచ్చే ఆవిడది."

"ఇక్కడి గేటు పక్క కిటికీలో కూర్చునే ఆవిడా?"

"ఆవిడే."

"ఆవిడ నన్ను ఇందాకే కదా కసిరింది! 'వినపడట్లేదా? పేరు చెప్పవయ్యా, వెనకాల జనం లేరా' అని. ఆ గొంతా? ఆ గొంతా ఇది?"

"కసిరేటప్పుడు వేరుగా ఉంటుంది. కాగితం చూసి చదివితే అలా మెత్తగా..."

"నేను తలొంచుకుని పేరు చెప్పి వచ్చాను. మెట్లెక్కుతూ అనుకున్నాను, ఇదేం గొంతురా బాబూ, పైకెళ్తే ఆ గొంతు వినొచ్చు అని."

"సారీ బాబాయ్."

"మీరెందుకు సారీ? మీరేం చేశారు? అబద్ధాలు చెప్పింది నేను... అయితే ఆవిడ రాలేదా? గొంతు ఇవ్వడానికి?"

"వచ్చింది. నేనప్పుడే కొత్తగా చేరాను. కెమెరా నేనే పెట్టాను. ఇదే కుర్చీలో కూర్చుంది."

"ఈ కుర్చీలోనా?"

"ఆ కుర్చీలోనే. పని చేసే చోట మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే కావాలని మీ హాల్లో రొద రికార్డు చేసి తెచ్చాం. అది ఆవిడ హెడ్‌ఫోన్లలో పెట్టాం. 'హాల్లో ఉన్నాననుకోండి, అక్కడ ఎలా మాట్లాడతారో అలాగే ఈ వాక్యాలు చెప్పండి' అన్నాం."

"అలా అన్నారా?"

"అన్నాం. ఆవిడ నోరు తెరిచింది. గొంతు రాలేదు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. భయపడిందనుకున్నాం. మంచినీళ్ళిచ్చాం. మళ్ళీ అంతే. గట్టిగా అనమంటే తలూపుతుంది, మళ్ళీ పెదాలే. మేడంకి విసుగొచ్చింది. లిస్టు మొత్తం అయ్యాక పంపించేసి, కింద ఆవిడని పిలిచి చదివించింది."

"హాల్లోలా మాట్లాడమన్నారు. హాల్లోలాగే మాట్లాడింది."

"ఇవాళ మీరు చెప్పేదాకా నాకు అర్థం కాలేదు."

"రొద ఆపి అడగాల్సిందమ్మా."

"అవును. రొద ఆపి ఒక్కసారి అడిగితే సరిపోయేది. ఎవరికీ తట్టలేదు."

"క్యాంటీన్‌లో వెయ్యలేదు, అందుకేనా?"

"క్యాంటీన్‌లో ఏంటి?"

"ఆ శుక్రవారం చెప్పింది. 'సోమవారం మీ క్యాంటీన్ టీవీలో నన్ను వేస్తారట, అందరూ చూస్తారట. నువ్వు మాత్రం చివరిదాకా చూడు, మధ్యలో లేవకు' అని. సోమవారం కూర్చున్నాను. టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. టీవీలో ఏదో వంట చేసి చూపించారు. వాయిదా పడిందేమో అనుకున్నాను."

"ముందు మీ ఫ్యాక్టరీ వాళ్ళకే చూపిస్తామని మేమే చెప్పాం. శబ్దం లేనిది ఏం వేస్తామని ఆపేశాం. వేయట్లేదని ఆవిడకి చెప్పామో లేదో కూడా... చెప్పి ఉండం."

"ఆ వీడియో పారేశారా?"

"'పనికిరాదు' అని రాసి పక్కన పెట్టాం."

"ఉందా?"

"ఉంది. కానీ పరీక్షలో ఉన్నవాళ్ళకి చూపించకూడదు. రూలు."

"గొంతు లేకపోయినా పర్లేదమ్మా. నాకు ఆవిడ ఎప్పుడు గొంతుతో మాట్లాడింది గనక. రూలంటే రూలే. సరే. వస్తాను. ఈ హెడ్‌ఫోన్లు ఎక్కడ పెట్టను?"

"ఆగండి. కూర్చోండి. మీవన్నీ తీసేస్తున్నాను. మొదటిరోజు నుంచి అన్నీ. గ్రాఫ్ కూడా."

"వద్దమ్మా! సీటు పోతుంది."

"పోతే పోతుంది. ఇది నొక్కితే మీరిక పరీక్షలో లేరు. పరీక్షలో లేని మనిషికి రూలేంటి? నొక్కాను. ఇటు రండి. ఆ గదిలోంచి బయటికి రండి, నా పక్కన కూర్చోండి."

"మరి మీ దరఖాస్తు ఏమవుతుందమ్మా?"

"దరఖాస్తు గ్రాఫ్ లేకుండానే పంపిస్తాను. ఉండండి... వెళ్ళింది. ఏదో ఒకటి, అబద్ధం లేకుండా వెళ్ళింది. ఇవాళ రూముకి వెళ్ళి ఇది ఎవరికి చెప్పుకోవాలో మాత్రం తెలియట్లేదు."

"నాకు చెప్పండి. ఎటూ విన్నాను కదా."

"ఇదిగో. ఇదీ ఆవిడ వీడియో."

అద్దానికి ఇవతల ఇప్పుడు రెండు కుర్చీలు. తెర మీద ఒకావిడ నోరు తెరిచింది. గదిలో చడీచప్పుడు లేదు.

"జుట్టు కట్టుకుని వచ్చింది. హాల్లో టోపీ ఉండేది."

"ఏమంటోందో తెలుస్తోందా?"

"తెలియకపోవడమేంటి. 'తలుపు దగ్గర ఎవరో ఉన్నారు.' 'వాన ఆగిపోయింది.' 'గిన్నె బల్ల మీద ఉంది.'"

"లిస్టులో అవే ఉన్నాయి బాబాయ్. వరసగా అవే! ఒక్కటీ తప్పు పోవట్లేదు."

"'తాళం జేబులో పెట్టుకో.' 'పెద్దవాడికి జ్వరం తగ్గింది.' చూశారా, 'తగ్గింది' అన్నాక పెదవి కొరుక్కుంటుంది. అలసిపోతే అంతే."

"అదే ఆఖరిది. లిస్టు అయిపోయింది. ఇక్కడ మేడం లేచి వెళ్ళిపోయింది, నేను వైర్లు తీస్తున్నాను. తర్వాత ఆవిడేదో గొణుక్కుంది, అది లెక్కలోకి..."

"ఆపకండి."

"ఆపట్లేదు. కెమెరాలోకే చూస్తోందే! అప్పుడు నేను గమనించలేదు. ఏమంటోంది?"

"..."

"అయిపోయింది. ఏమంది బాబాయ్?"

"మళ్ళీ వెయ్యండి."

"వేశాను. లిస్టులో వాక్యాలు కావు కదా ఇవి?"

"కావు."

"చివరిదాకా చూడమంది దీనికోసమేనా? మీకోసమే అందా?"

"ఇది ఏ రోజు తీశారమ్మా?"

"శనివారం. మీరు సోమవారం క్యాంటీన్‌లో చూస్తారని ఆవిడ అనుకుంది కదా... బాబాయ్? ఏంటలా ఉన్నారు? నీళ్ళు తాగుతారా?"

"మళ్ళీ వెయ్యమ్మా. నేను తప్పు చదివానేమో."

"లిస్టంతా ఒక్క తప్పు లేకుండా చదివారు మీరు."

"అదే, అదే నా బాధ."

"చెప్పకపోయినా పర్లేదు."

"చెప్తాను. ఇంకెవరికి చెప్తాను. 'బుధవారం గేటు దగ్గర నిలబడతాను, నువ్వు పెదాలతో కాదు, గొంతుతో ఒక్కసారి పిలువు చాలు, మా అన్నయ్యతో వెళ్ళను, నీ దగ్గరే ఉండిపోతాను' అంటోంది డాక్టరమ్మా."